కోళ్లతో సహా కాన్పుకొచ్చిన వాళ్లు

నర్సింగ్ చదివి, మొదటి పోస్టింగ్ అడవి బ్లాకులో పడ్డ ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వెంట తల్లులు కూడా వస్తారు. టీ తాగడం పూర్తికాకముందే ఆ తల్లుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "దీదీ, ఈ పోస్టింగ్ మార్పించుకోవాలంటే ఎవరిని పట్టుకోవాలి?"

ఆ దారి నాకు తెలియదు. వెళ్తే ఏం జరుగుతుందో మాత్రం తెలుసు. అది అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.

నా పేరు పైడమ్మ. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేశాడు. నేను పుట్టింది, పెరిగింది, ఇప్పుడు రిటైరై ఉంటున్నది సెక్టర్ 4లోనే, మా తమ్ముడి క్వార్టర్‌లో. నర్సు కోర్సు అయ్యాక ప్లాంటు ఆసుపత్రిలో చేరతానని అందరూ అనుకున్నారు. నాకు ప్రభుత్వ ఉద్యోగం ముందు వచ్చింది. కొన్నేళ్లు చిన్న పట్నాల్లో పనిచేశాక బస్తర్ సరిహద్దు కొండల్లో, గోండు పల్లెల మధ్య ఉన్న ఒక కాన్పుల కేంద్రానికి వేశారు. మా అమ్మ గోల పెట్టింది.

"ఏటే, అడివిలోకా? అక్కడ మనకెవలున్నారే? నీ మాట ఆలకి తెలీదు, ఆల మాట నీకు తెలీదు."

"శ్రీకాకుళం నుంచి నువ్వు ఇక్కడికొచ్చినప్పుడు నీకు హిందీ వచ్చా?" అన్నాను.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆవకాయ జాడీ కట్టి ఇచ్చింది.

ఖాళీ గది

నేను వెళ్లేసరికి కాన్పుల గది కొత్తది. గోడలకు తెల్లటి టైల్సు, మధ్యలో ఇనప బల్ల, దానికి కాళ్లు పెట్టుకునే కొమ్ములు. దీపం వెలిగేది, నీళ్లు వచ్చేవి. అన్నీ ఉన్నాయి, కాన్పులు మాత్రం లేవు. కొండ మీద పల్లెల్లో ఆడవాళ్లు ఇంట్లోనే కంటున్నారు. ఒకసారి బిడ్డ పోతోంది, ఒకసారి తల్లి పోతోంది. ఆ కబురు మాకు సంతలో తెలిసేది.

మా పైన బ్లాకు వైద్యాధికారి డాక్టర్ తివారీ. మంచి హస్తవాసి ఉన్న డాక్టరు, కోపం ఎక్కువ. సమావేశాల్లో ఆయన మాట ఒకటే: "వాళ్లకు చదువు లేదు సిస్టర్. భయపెట్టైనా తీసుకురండి."

భయపెట్టి తెచ్చిన మనిషి రెండోసారి రాదు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా సెక్టర్‌లోనే, పంటి డాక్టరు కసిరాడని మా నాన్న మళ్లీ ఆ గడప తొక్కకపోవడం చూసి నేర్చుకున్నాను.

అందుకని అడగడానికి వెళ్లాను. వాగు దాటితే కుసుంటోలా అనే పల్లె. అక్కడ సుకారో అనే పెద్దావిడ మంత్రసాని. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లలో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. నేను వెళ్లినప్పుడు వాకిట్లో కూర్చుని ఆకు దొన్నెలు కుడుతోంది. పక్కన కోడలు ఫూల్‌మతి, తొలి చూలు. ఆ పిల్లే నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సుకారో మాట్లాడేది గోండీ, ఛత్తీస్‌గఢీ కలిసిన మాట. నాకు అది బాగా పట్టుబడ్డాక, దాని లయ మా అమ్మ మాటలాగే వినిపించేది. అందుకే ఆమె మాటలు, ఆ పల్లెవాళ్ల మాటలు నా ఇంటి తెలుగులోనే రాస్తున్నాను.

"మా దగ్గరకి ఎందుకు రారు అమ్మా?" అని అడిగాను.

"ఆ ఇనప బల్ల మీద మనిసిని యెల్లకిలా పడుకోబెడతారు. బిడ్డ కిందకి దిగాలా, కొండెక్కాలా?" అంది దొన్నె మీంచి చూపు తిప్పకుండా.

"ఇంకా?"

"నన్ను లోపలికి రానీరు. గుమ్మం కాడ కుక్కలాగ కూకోవాలి. పిల్ల లోపల ఒక్కత్తీ ఏడుస్తాది. బిడ్డ పుట్టినాక మాయని బకెట్టులో పడేస్తారు. అది మాది. మా ఇంటి నేలలోకి ఎల్లాలి."

"ఇంకేమైనా ఉందా?"

సుకారో అప్పుడు తలెత్తింది. "వానల్లో వాగు పొంగితే దాటలేం. ముందే వచ్చి ఉండమంటావు. ఉంటే నా కోళ్లనెవలు సూస్తారు?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. ఆ కోళ్లు అమ్మే ఆమెకు పండగ, జబ్బు, పెళ్లి, అన్నీ గడిచేవి. వాటిని వదిలి రమ్మనడం మనల్ని బీరువా తెరిచి పెట్టి ఊరెళ్లమనడం లాంటిది.

మంత్రసానులకు తెలియనిది లేదని నేను చెప్పను. సుకారో బొడ్డు కోసేది బాణం మొనతో. కోసిన చోట బూడిద అద్దేది. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయించేది. ఈ మూడూ బిడ్డల ప్రాణాలు తీసేవే, అది ఆమె ముందే అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "నీ బల్ల నీ దగ్గిరుంచుకో, నా బూడిద నా దగ్గిరుంచుకుంటాను" అంది. ఆ రోజుకు అంతే.

వాగు

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నాన్ని నేను మరిచిపోలేను.

ఫూల్‌మతికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని సుకారోకు చేతితో తెలిసింది. తన వల్ల కాదని ఆమె ఒప్పుకుంది. అంత పేరున్న మనిషి అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కొడుకు మంగ్లూ, ఇంకో ముగ్గురు మగవాళ్లు ఫూల్‌మతిని నులక మంచం మీద మోసుకుంటూ వాగు దాకా తెచ్చారు. కొండ మీద సిగ్నల్ ఉన్న చోటు నుంచి ఎవరో నాకు ఫోన్ చేశారు. నేను సంచీ పట్టుకుని ఇవతలి ఒడ్డుకు పరుగెత్తాను.

వాగు ఎర్రగా, చెట్ల కొమ్మలు ఈడ్చుకుంటూ పోతోంది. వాళ్లు అవతల, నేను ఇవతల. మనుషులు కనిపిస్తున్నారు, మాట వినిపించడం లేదు. నేను అరిచిందంతా నీళ్లలో కలిసిపోయింది. మంగ్లూ రెండుసార్లు వాగులోకి దిగబోతే మిగతావాళ్లు లాగేశారు. చివరికి ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకున్నారు. సుకారో ఆ చీరల వెనక మోకాళ్ల మీద కూర్చుని, బిడ్డను చేత్తో తిప్పి కాళ్ల వైపు నుంచి లాగింది.

తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు. నేను అవతలి ఒడ్డున సుకారో లేచి నిలబడడం చూశాను. ఆమె నావైపు చూసి, ఖాళీ అరచేతులు రెండూ చాచి చూపించింది.

బేరం

నీళ్లు తగ్గాక సుకారో తనంతట తానే కేంద్రానికి వచ్చింది. కాన్పుల గదిలోకి వెళ్లి ఇనప బల్ల చుట్టూ తిరిగింది. వేలితో తట్టి చూసింది.

"నువ్వేటి ఇస్తావు, నానేటి ఇవ్వాలి?" అంది.

ఇద్దరం నేల మీద కూర్చుని సంతలో గిత్తల్ని బేరమాడినట్టు బేరమాడాం. నా వైపు నుంచి ఇచ్చినవి ఇవి: ఆమె గదిలోనే ఉంటుంది. దూలానికి తాడు కడతాం, కావలసినవాళ్లు అది పట్టుకుని గొంతుక్కూర్చుని కనొచ్చు. చీర విప్పక్కర్లేదు. మాయ ఇంటికి పంపుతాం. ఆమె వైపు నుంచి: బొడ్డుకు కొత్త బ్లేడు, బూడిద లేదు. ముర్రుపాలు బిడ్డకే. బిడ్డ పుట్టగానే తల్లికి నేను ఒక సూది వేస్తాను.

సూది దగ్గర చాలాసేపు ఆగింది. "కన్నాక సూదెందుకు? అయిపోయినాది కదా."

"అయిపోయిందని మనం అనుకున్నాకే రక్తం పోతుంది" అన్నాను.

 తన చెల్లెలు అలాగే పోయిందని అప్పుడు చెప్పింది. తర్వాత సరేనంది.

ఇక వాగు సంగతి. కేంద్రం పక్కనే పాత గోదాము ఒకటి ఖాళీగా పడి ఉంది. నెలలు నిండుతున్న ఆడవాళ్లు వానలు ముదరకముందే వచ్చి అందులో ఉంటే, వాగు ఎంత పొంగినా మనకు పనిలేదు. తోడుగా అత్తో అమ్మో ఉంటుంది. వండుకోవడానికి పొయ్యి ఉంటుంది. కోళ్లకు గూడు ఉంటుంది.

డాక్టర్ తివారీ దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పాను. తాడు దాకా ఓపికగా విన్నారు. కోళ్ల దగ్గర కుర్చీలోంచి లేచారు.

"సిస్టర్, ఇది ఆసుపత్రా, సంతా?"

"సార్, కోడి రాకపోతే అత్త రాదు. అత్త రాకపోతే కోడలు రాదు."

"పైవాళ్లు చూస్తే నన్నేమంటారు?"

"కాన్పులు జరుగుతున్నాయంటారు సార్. ఇప్పుడు అదీ అనడం లేదు."

ఆయన బదులివ్వలేదు. వద్దని కూడా అనలేదు. కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడొక మాట చెబుతాను. పై అధికారి మౌనంగా ఉంటే అందులో సగం అనుమతి ఉంటుంది. మిగతా సగం పని చేసి సంపాదించుకోవాలి.

గోదాము బాగుచేయడానికి మంగ్లూ పల్లెవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వెదురు తెచ్చారు, మట్టి తొక్కారు, గోడలు అలికి తెల్లసుద్దతో ముగ్గులు వేశారు. బిడ్డ పోయిన తండ్రి అతను.  కోళ్ల గూడు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే కట్టాడు.

ఫూల్‌మతి రెండో కాన్పు

మొదట ఇద్దరు వచ్చారు. తర్వాత వాళ్లను చూసి ఇంకొందరు. ఆ మరుసటేడు వానల ముందు ఫూల్‌మతి వచ్చింది, మళ్లీ నెలలు నిండుతూ. ముందు సుకారో తల మీద గంప, గంపలో పెట్టలు. వెనక ఫూల్‌మతి చేతిలో ఒక పుంజు. ఆ పుంజు తెల్లారకముందే కూసి కేంద్రంలో అందరినీ లేపేది. మా వార్డు ఆయా దాన్ని తిట్టని రోజు లేదు.

ఫూల్‌మతి ఒంట్లో రక్తం తక్కువ. మాత్రలు, ఆకుకూరలు, పప్పు, అన్నీ దగ్గరుండి పెట్టాను. అయినా నాకు కంగారుగానే ఉంది. నెలలు నిండకముందే, ఒక పగటిపూట నొప్పులొచ్చాయి. బయట ఆగని వాన. వాగు ఎక్కడో దూరంగా హోరెత్తుతోంది. ఫూల్‌మతి ఆ చప్పుడు విని వణికింది.

"అది అటు ఉన్నాదే. నువ్వు ఇటున్నావు" అంది సుకారో, ఆమె నడుం రాస్తూ.

తాడు పట్టుకుని, అత్త గుండెకు వీపు ఆనించి, ఫూల్‌మతి ఆడపిల్లను కంది. చాలా చిన్న పిల్ల. కానీ ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే బయట మంగ్లూ తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడని ఆయా చెప్పింది.

నేను సూది వేశాను. మాయ పడింది. అప్పుడు మొదలైంది రక్తం.

పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి గట్టిపడలేదు, నానిన పిండిలా ఉంది. ఇంకో మందు ఇచ్చాను, సెలైన్ ఎక్కించాను. సుకారో చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టి, "ఇక్కడ నొక్కి రాయి, ఆపకు" అన్నాను. ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ చేతుల్లో అంత బలముందని నేను అనుకోలేదు. కాసేపటికి గర్భసంచి గట్టిపడింది, రక్తం తగ్గింది. కానీ అప్పటికే చాలా పోయింది. ఫూల్‌మతి పెదవులు తెల్లబడ్డాయి.

నా ఫోన్ అందుకుని డాక్టర్ తివారీ జీపులో వచ్చి, ఆమెను చూసి, ఒక్క మాటే అన్నారు: "ఆ సూది పడకపోతే నేను వచ్చేదాకా ఆగేది కాదు." తానే అంబులెన్సులో ఎక్కి సెలైన్ సీసా పట్టుకున్నారు.

తమ్ముడి రక్తం, తండ్రి ఛాతీ

బిడ్డను ఎలా తీసుకెళ్లాలి? అంత చిన్న పిల్లకు వానగాలి తగిలితే చాలు. మంగ్లూను పిలిచి చొక్కా విప్పమన్నాను. అతను తెల్లబోయాడు. బిడ్డను టోపీ, లంగోటీతో అతని ఛాతీకి ఆనించి, పైన నా చీర చుట్టి బిగించాను. ఒంటికి ఒళ్లు తగిలితే ఆ వేడికి బిడ్డ నిలబడుతుంది. కంగారూ పద్ధతి అంటాం దీన్ని.

"నానేటి చెయ్యాలి?" అన్నాడు భయంగా.

"ఏమీ చెయ్యకు. ఊపిరి పీల్చు. మెడ వాలిపోకుండా చూసుకో."

జిల్లా ఆసుపత్రిలో ఫూల్‌మతి గ్రూపు రక్తం ఒక్క సీసానే ఉంది. అది బి నెగెటివ్, సులువుగా దొరికేది కాదు. ఇంకొకటి కావాలన్నారు. నాకు వెంటనే తట్టింది మా తమ్ముడు అప్పలరాజు. అదే ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని. వాడిది అదే గ్రూపు. ఫోన్ చేసేసరికి డ్యూటీకి బయలుదేరుతున్నాడు.

"అప్పా, ఏటైనాది?" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

చెప్పాను.

"ఒగ్గీ, ఇంక సెప్పకు. షిఫ్టు మార్పించీసి వస్తాను. ఎవలు ఆ పిల్ల?"

"నాకు తెలిసిన పిల్ల."

"అయితే మన పిల్లే."

తోటి పనివాళ్లిద్దరిని వెంటేసుకుని, వానలో తడిసి, వాడు ఆసుపత్రికి వచ్చాడు. ఆ ఇద్దరి గ్రూపు వేరు. అయినా ఇంకెవరికైనా పనికొస్తుందని వాళ్లూ ఇచ్చారు. పరీక్షలన్నీ అయ్యాక మా తమ్ముడి రక్తం కుసుంటోలా పిల్లకు ఎక్కింది. సుకారో వాడి చెయ్యి పట్టుకుని దూది అంటించిన చోటును వేలితో తడిమింది. తర్వాత, "మా కోడలికి ఇంక ఇద్దరు అన్నదమ్ములు" అంది. ఫూల్‌మతికి సొంత అన్న ఒకడు ఉన్నాడు. రెండోవాడు మావాడు.

ఈలోగా వార్డు గుమ్మం దగ్గర గొడవ. పిల్లల్ని వేడిగా ఉంచే వార్మర్లు అన్నీ నిండి ఉన్నాయి. మంగ్లూను లోపలికి రానివ్వడం లేదు. "బాలింతల వార్డు, మగవాళ్లకి మనా హై" అని కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను వాదిస్తుండగా వెనక నుంచి తివారీ గారు వచ్చారు. చొక్కా మీద ఇంకా రక్తం మరకలున్నాయి.

"భయ్యా, ఈయన్ని మనిషనుకోకు. వార్మర్ అనుకో. వార్మర్ని లోపల పెట్టడానికి అభ్యంతరమా?"

కాపలావాడు నవ్వి చెయ్యి తీశాడు. ఫూల్‌మతి మంచం పక్కన, గోడకు ఆనుకుని మంగ్లూ కూర్చున్నాడు. పాలకోసం బిడ్డను తల్లి దగ్గర పెట్టేవాళ్లం, మళ్లీ అతని ఛాతీకి చేర్చేవాళ్లం. వార్డులో ఆడవాళ్లు మొదట నవ్వారు. రెండో రోజుకు ఒకావిడ తన మొగుణ్ణి గుమ్మం దాకా పిలిచి, "సూడు, నేర్చుకో" అంటోంది.

పిల్ల బరువు పెరిగింది. తల్లి లేచి నడిచింది. ముగ్గురూ ఇంటికెళ్లారు.

వాళ్లు వెళ్లిన వారంలోనే తివారీ గారు కేంద్రానికి వచ్చి గోదాము చుట్టూ తిరిగారు. "సిస్టర్, ఈ గూడు సరిపోతోందా? పెద్దది కట్టించమంటారా?" అన్నారు. తన తప్పు తెలిసినప్పుడు నోటితో ఒప్పుకోని అధికారులు చాలామంది ఉంటారు. గూడు కట్టించేవాళ్లు తక్కువ. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. తర్వాత చుట్టుపక్కల కేంద్రాల్లోనూ అలాంటి ఇళ్లు పెట్టించింది ఆయనే.

చేరబోయేవాళ్లకి

మీకు అక్కడి భాష రాదు, నేర్చుకోండి. ముందుగా "నొప్పి ఎక్కడ", "భయపడకు" అనే రెండు మాటలు నేర్చుకుంటే మిగతావి వాళ్లే నేర్పుతారు. కాన్పు గదిలో ఆడదాన్ని కసరకండి. నొప్పిలో ఉన్న మనిషిని కసిరే నర్సుల్ని నేను చూశాను, వాళ్ల పని ఎంత శుభ్రంగా ఉన్నా వాళ్లను మంచి నర్సులని నేను అనను. వాళ్ల పద్ధతుల్లో ప్రాణం తీసేవి ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. ప్రాణం తియ్యనివాటి జోలికి వెళ్లకండి. తాడు, చీర, మాయ, పుంజు, ఇవేవీ ఎవరినీ చంపవు.

అడవికి వెళ్తే జీవితం వృథా అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను వెళ్లినప్పుడు ఆ గదిలో కాన్పులు లేవు. వచ్చేసేటప్పుడు గోదాము చాలక వరండాలో చాపలు వేసుకునేవాళ్లు. ఇది నేనొక్కదాన్నే చేశానని చెప్పను. కానీ నేను లేకుండా మొదలయ్యేది కాదు. ఈ వయసులో ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

చివరి వానలు

రిటైర్మెంటుకు ముందు వానాకాలం. అప్పటికి మా కేంద్రంలో రామ్‌శీల అనే అమ్మాయి నర్సుగా చేరింది. ఆ కొండల పిల్లే, గోండు పిల్ల. నేను జిల్లా సమావేశానికి వెళ్లి తిరిగొస్తుండగా దారిలో ఫోన్ వచ్చింది. ఒకామెకు కాన్పయింది, రక్తం ఆగడం లేదు అని ఆయా. బస్సు కేంద్రానికి బాగా ఇవతలే బురదలో దిగబడింది. దిగి పరుగెత్తాను. ఆ వయసులో అంత పరుగు ఎలా తీశానో తెలియదు. దారి పొడుగునా ఏ మందు ముందు, ఏది వెనక అని నాలో నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

గుమ్మంలోకి వచ్చి చూస్తే, బాలింత గోడకు ఆనుకుని గంజి తాగుతోంది. బిడ్డ రొమ్ము పట్టుకుని ఉంది. సెలైన్ సగం అయింది. రామ్‌శీల ఆమె పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూస్తూ, పెద్దావిడ ఒకరికి ఏదో గోండీలో వివరిస్తోంది. నేను రొప్పుతూ లోపలికి అడుగు వేయబోయాను.

రామ్‌శీల తల తిప్పి నా వైపు చూసింది. పై నుంచి కింద దాకా చూసింది.

"దీదీ, అక్కడే ఆగండి. ఆ బురద కాళ్లతో నా కాన్పుల గదిలోకి రాకండి."

నేను బయటికి వెళ్లి, పంపు కింద కాళ్లు శుభ్రంగా కడుక్కున్నాను.